తక్కువ ఖర్చుతో మొదటి డ్రమ్ కిట్‌ను ఎంచుకోవడం ఎలా?

డ్రమ్ కిట్ కొందామని దుకాణానికి వెళ్లినవారికి ముందుగా కంటబడేది డ్రమ్ముల రంగు, మెరుపు. మొదటిసారి కొన్నప్పుడు నేనూ ఆ మెరుపుకే పడిపోయాను. ఎర్రగా నిగనిగలాడుతున్న అయిదు డ్రమ్ముల సెట్టును చూసి, సింబల్స్ (పుల్లతో కొట్టే లోహపు పళ్లేలు) దానితో పాటు ఉచితంగా వస్తున్నాయి కదా అని, వాటిని ఒక్కసారైనా మోగించి చూడకుండా ఇంటికి తెచ్చుకున్నాను. తీరా బిగించి కొడితే, ఊపుగా ఒక్క దెబ్బ వేసే క్రాష్ సింబల్ వంటింట్లో సత్తు మూత కిందపడ్డట్టు పలికింది. ఆ డ్రమ్ములకు తర్వాత మంచి హెడ్లు (పుల్ల తగిలే పై పొరలు) వేసి శ్రుతి చేసుకుంటే ఏళ్ల తరబడి పనికివచ్చాయి గాని, ఆ సింబల్‌ను మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు తక్కువైనప్పుడు, తర్వాత సరిచేసుకోగలిగిన వాటికి తక్కువ, ఎంత చేసినా సరికాని వాటికి ఎక్కువ కేటాయించాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ముందుగా ప్రాక్టీస్ ప్యాడ్, పుల్లలు

రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత పుల్లలు కొని రెండు మూడు నెలలు సాధన చేయండి. ఆ సాధన నిలబడకపోతే కిట్ ఖర్చు మిగిలినట్టే. నిలబడితే, కిట్ వచ్చాక కూడా ఆ ప్యాడ్ రోజూ చేతి కిందే ఉంటుంది. పెద్దవారికి హికరీ కర్రతో చేసిన 5ఏ పుల్లలు సరిపోతాయి, పిల్లలకు సన్నగా ఉండే 7ఏ మేలు. దుకాణంలోనే పుల్లను గాజు బల్ల మీద దొర్లించి, వంకర ఉంటే పక్కన పెట్టేయండి.

2. ఇల్లు ఏ కిట్‌ను భరించగలదో తేల్చుకోండి

మామూలు డ్రమ్ కిట్‌ను గట్టిగా వాయిస్తే శబ్దం సులువుగా 100 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. సొంత ఇల్లు, చుట్టూ కొంత ఖాళీ స్థలం ఉన్నవారు, లేదా చర్చిలోనో కాలేజీలోనో వాయించుకునే వీలున్నవారు అసలు డ్రమ్ముల వైపు వెళ్లవచ్చు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఎలక్ట్రానిక్ కిట్ తప్ప మరో దారి లేదనే చెప్పాలి.

ఎలక్ట్రానిక్ కిట్ కొనేవారు అందులో ఎన్ని వందల శబ్దాలు ఉన్నాయన్నది చూడకుండా, కొట్టే తలం ఎలా ఉందో చూడాలి. అలెసిస్ నైట్రో మెష్ వంటి వాటిలో వలలాంటి మెష్ హెడ్లు ఉంటాయి. పుల్ల వాటి మీద తిరిగి లేచే తీరు అసలు డ్రమ్ముకు దగ్గరగా ఉంటుంది, చప్పుడు కూడా తక్కువ. యమహా డీటీఎక్స్402కేలో ప్యాడ్లు రబ్బరువి, కాలితో తొక్కే కిక్ పెడల్‌కు కొట్టే సుత్తి ఉండదు. దానివల్ల కింది అంతస్తువారికి దడదడ తగ్గుతుంది గాని, మీ పాదానికి అసలు పెడల్ బరువు అలవాటు కాదు. ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది: హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం ఆగుతుంది గాని, కాలి తాకిడి నేలలో దిగి కింది ఇంటి పైకప్పుకు చేరుతూనే ఉంటుంది. పాత టెన్నిస్ బంతులను రెండు ప్లైవుడ్ పలకల మధ్య అమర్చి, దాని మీద కిట్ పెట్టుకుంటే ఆ అదురు చాలావరకు తగ్గుతుంది.

మన ఆర్కెస్ట్రాల్లోను, చర్చి గాయకబృందాల్లోను కనిపించే, ఒకే పలకలా ఉండే ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడ్లను కిట్‌కు బదులుగా కొనవచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది మంచి వాద్యమే. కాని చాలామంది దాన్ని చేతులతోనే వాయిస్తారు గనుక, కిట్ నేర్వడంలో సగం పనైన కాళ్ల సాధన వెనకబడిపోతుంది.

3. అసలు డ్రమ్ములైతే కొలతలు, కర్ర

మామూలు సెట్టులో కాలి పెడల్‌తో మోగించే 22 అంగుళాల పెద్ద డ్రమ్ము (కిక్), అడుగున తీగలుండే 14 అంగుళాల స్నేర్, టామ్‌లనే రెండు చిన్న డ్రమ్ములు, నేల మీద నిలబడే ఒక ఫ్లోర్ టామ్ ఉంటాయి. గది చిన్నదైతే 20 అంగుళాల కిక్, 10, 12, 14 అంగుళాల టామ్‌లు ఉన్న సెట్టు తీసుకోండి. ఒక టామ్ తక్కువైనా నష్టమేమీ లేదు. టామా స్టేజ్‌స్టార్, పెర్ల్ రోడ్‌షో, యమహా రైడీన్ వంటి ప్రారంభ స్థాయి సెట్లు పోప్లర్ కర్రతో చేసినవి. యమహా స్టేజ్ కస్టమ్ బర్చ్ లాంటివి ఆపై మెట్టు. మొదటి ఏడాది ఈ కర్రల తేడా గురించి మనసు పాడుచేసుకోనక్కరలేదు.

ధర చూసేటప్పుడు మాత్రం ‘షెల్ ప్యాక్’ అన్న మాట కనిపిస్తే ఆగండి. అంటే ఆ ధరకు వచ్చేవి డ్రమ్ములు మాత్రమే. స్టాండ్లు, పెడల్, కూర్చునే స్టూలు, సింబల్స్ అన్నీ వేరుగా కొనుక్కోవాలి. చవకగా కనిపించిన సెట్టు వీటన్నింటినీ కలుపుకొనేసరికి రెట్టింపు కావచ్చు.

4. సింబల్స్: ఇత్తడా, కంచా?

ఇత్తడి, కంచు రెండూ రాగి మిశ్రమాలే అయినా, మోగే తీరులో వాటికి పోలిక లేదు. గుడి జేగంటను కంచుతో పోత పోయడానికి కారణం ఆ లోహం ఎక్కువసేపు, విచ్చుకుంటూ మోగడమే. మైనల్ హెచ్‌సీఎస్, పైస్టీ 101, సేబియన్ ఎస్‌బీఆర్ వంటి చవక వరుసలు ఇత్తడివి. సేబియన్ బీ8ఎక్స్, పైస్టీ పీఎస్‌టీ 5 వంటివి 8 శాతం తగరం కలిసిన కంచువి, దీన్నే బీ8 అంటారు. వృత్తి కళాకారులు వాడే ఖరీదైన సింబల్స్‌లో ఎక్కువగా కనిపించే బీ20 కంచులో తగరం 20 శాతం ఉంటుంది.

మొదటి కిట్‌కు బీ8 వరుస చాలు, అందులోనూ అన్నీ ఒకేసారి కొనవద్దు. అన్నిటికన్నా ఎక్కువగా వాయించేది హైహ్యాట్ (పెడల్‌తో కలిపి విడదీసే జంట సింబల్స్) కాబట్టి, ముందు 14 అంగుళాల హైహ్యాట్ మంచిది తీసుకోండి. తర్వాత రైడ్‌గాను (తాళం నడపడానికి వరుసగా కొట్టేది) క్రాష్‌గాను పనికివచ్చే 18 అంగుళాల సింబల్ ఒకటి చాలు. దుకాణంలో వినేటప్పుడు సింబల్‌ను స్టాండ్‌కు బిగించమని అడిగి, ముందు పుల్ల కొసతో మెల్లగా, తర్వాత అంచు మీద గట్టిగా కొట్టి, ధ్వని పూర్తిగా ఆగేదాకా వినండి. అమ్మేవారికి తొందర ఉండవచ్చు, మీరు మాత్రం తొందరపడకండి.

5. వాడిన కిట్‌ను పరీక్షించడం

తక్కువ బడ్జెట్‌వారికి నేను ఇచ్చే సలహా వాడిన కిట్టే. కాలేజీ అయిపోయి ఊరు మారేవారు, కొత్తది కొన్న చర్చివారు అమ్మేవి తరచుగా దొరుకుతుంటాయి. వెళ్లేటప్పుడు డ్రమ్ కీ (హెడ్ల మరలు తిప్పే చిన్న తాళంచెవి), ఫోన్ టార్చి మరచిపోకండి.

అమ్మేవారి అనుమతితో ఒక టామ్ హెడ్ విప్పి, తిరిగి పెట్టి చూడండి. అది బలవంతం చేయకుండా జారి కూర్చుని, వేలితో తిప్పితే తిరగాలి. పట్టేస్తే షెల్, అంటే డ్రమ్ము కర్ర గోడ, గుండ్రదనం పోయిందని అర్థం. తర్వాత షెల్‌ను వంటగది గ్రానైట్ బండ లాంటి సమమైన తలం మీద బోర్లించి, గదిలో దీపం ఆర్పి, లోపల టార్చి వెలిగించండి. అంచు కింద ఎక్కడైనా వెలుగు గీతలా కారితే అక్కడ అంచు అరిగినట్టే, ఆ డ్రమ్ము శ్రుతికి సరిగా నిలవదు. ప్రతి మరనూ కీతో కాస్త వదులు చేసి బిగించండి. బిగియకుండా ఊరికే తిరిగేవి ఒకటి రెండైతే బేరం చేయవచ్చు, అంతకు మించితే వదిలేయండి. స్నేర్ పక్కనున్న మీట అడుగు తీగలను పూర్తిగా పట్టి, పూర్తిగా వదలాలి. సింబల్ అంచు చుట్టూ గోరు నడిపించండి. గోరు తట్టుకున్న చోట పగులు మొదలై ఉండవచ్చు, అలాంటి సింబల్‌కు ఒక్క రూపాయి కూడా లెక్కకట్టకండి. హెడ్లు గుంటలు పడ్డాయని మాత్రం వెనకాడవద్దు. వాటిని ఎలాగూ మార్చాలి, పైగా అదే బేరానికి మంచి సాకు.

6. డబ్బును పంచుకోవడం

చేతిలో 40,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. వాడిన డ్రమ్ములకు, స్టాండ్లకు, పెడల్‌కు కలిపి 18,000 దాటనివ్వకండి. సింబల్స్‌కు 13,000 ఉంచండి. కొత్తవే కావాలంటే ఆ సొమ్ముకు హైహ్యాట్ ఒక్కటే రావచ్చు, అయినా దాంతోనే మొదలుపెట్టండి. స్నేర్‌కు, కిక్‌కు కొత్త హెడ్ల కోసం 4,000 తీసిపెట్టుకోండి. స్టూలుకు 3,000 అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాయిస్తే తొడలు పైకి లేచి, నెల తిరగకముందే నడుము పట్టేస్తుంది. ఎత్తు సవరించుకునే వీలున్న స్టూలు అందుకే తప్పనిసరి. మిగిలిన 2,000 ప్యాడ్‌కు, పుల్లలకు, చెవిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్‌లకు. రోజుకు 8 గంటలపాటు వినడానికి 85 డెసిబెల్స్‌ను పరిమితిగా చెబుతారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగానికి తగ్గుతూ పోతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి అది పావుగంటే.

7. ఇంటికి తెచ్చాక

కొత్త హెడ్ వేసేటప్పుడు మరలన్నింటినీ ముందు వేళ్లతోనే బిగించి, తర్వాత కీతో ఒక మర, దానికి ఎదురుగా ఉన్న మర, ఇలా అరచుట్టు చొప్పున బిగిస్తూ వెళ్లండి. ప్రతి మరకు అంగుళం లోపల పుల్లతో తట్టితే అన్నిచోట్లా ఒకే స్వరం పలకాలి. తగ్గిన చోట కాస్త బిగించండి. కిక్ మరీ గుమ్మని మోగుతుంటే లోపల పాత దుప్పటి మడిచి, హెడ్‌కు ఆనేలా పెట్టండి. కిట్ కింద మందమైన జంపఖానా పరిస్తే వాయించేటప్పుడు కిక్ ముందుకు జారదు. ప్రతి స్టాండు కాలు ఆనిన చోట జంపఖానా మీద రంగు టేపు అంటించుకుంటే, పండుగకు గది ఖాళీ చేసినా అరగంటలో మళ్లీ అన్నీ పాత చోట్లకే చేరతాయి.