మొటిమలకు రెటినాయిడ్ క్రీమ్ – మూడో పాఠం: ట్యూబు తిప్పి చదవండి

రెటినాయిడ్ అంటే అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి, విటమిన్ ఎ జాతి మొటిమల మందు. క్రీమ్ అన్నా, జెల్ అన్నా ఇక్కడ దాన్నే అంటున్నాను. రెండో పాఠంలో దాని గురించి మూడే ముక్కలు చెప్పాను. చర్మ డాక్టర్‌కు చూపించి చీటీ రాయించుకోండి, మొదటి నెల రోజు విడిచి రోజు రాత్రి పూట రాసుకోండి, బఠాణీ గింజంత కొంచెమే రాసుకోండి. ఈసారి నల్లమచ్చల గురించి మొదలుపెడదామనుకున్నాను కానీ మీ ప్రశ్నలు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

"సార్, ముఖమంతా పొట్టు లేస్తున్నది" అని సగం మంది. "ఉన్న మొటిమలకు తోడు కొత్తవి వచ్చినయ్" అని కొందరు. "వారంలోనే ముఖం మెరిసిపోతోంది, చాలా థాంక్స్" అని ఇంకొందరు. నాకు టెన్షన్ పెట్టింది ఈ మూడోవాళ్లే. రెటినాయిడ్ ఏదైనా వారంలో ముఖాన్ని మెరిపించదు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట పొట్టు సంగతి. బఠాణీ గింజంత అన్నాను కదా. పచ్చిదా, ఎండుదా అని ఒకరు అడిగారు. ఎండుది. గింజల లెక్క కుదరకపోతే వేలితో కొలవండి. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. అందులో సగం మొత్తం ముఖానికి సరిపోతుంది. అంటే పూటకు పావు గ్రాము. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబు రోజూ వాడినా రెండు నెలలు రావాలి. మొదటి నెల రోజు విడిచి రోజు రాయమన్నాను కాబట్టి ఇంకా మిగలాలి. హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అబ్బాయి, మూడు వారాల్లో ట్యూబు అయిపోయింది, ఇంకోటి కొనాలా అని అడిగాడు. కొనకు తమ్ముడూ. ముందు రూమ్మేట్లు ఎంతమంది రాసుకున్నారో కనుక్కో. నువ్వొక్కడివే రాసి ఉంటే పొట్టు లేవడంలో వింతేమీ లేదు. ఎక్కువ రాస్తే ఎక్కువ మండుతుంది, అంతే. పని మాత్రం పెరగదు.

కొంతమంది ఇంకో రకం. ముఖమంతా రాయకుండా, మొటిమ ఉన్న చోట మాత్రం చుక్క పెట్టారు. చుక్క పెట్టిన చోట చర్మం కాలినట్టు ఎర్రబడింది, పక్కన మాత్రం కొత్త మొటిమ లేచింది. లేవదా మరి? ఈ రోజు అద్దంలో కనిపించే మొటిమ కొన్ని వారాల కిందటే మొదలైంది. వెంట్రుక రంధ్రం లోపల రాలిపోవాల్సిన చర్మకణాలు రాలకుండా, నూనెతో కలిసి అతుక్కుని అడ్డం పడతాయి. కంటికి కనిపించని ఆ అడ్డాన్ని మైక్రోకమెడోన్ అంటారు. కణాలు అలా అతుక్కోకుండా చూడటమే రెటినాయిడ్ పని. రేపు ఎక్కడ లేస్తుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం – ఐదు చోట్ల చిన్న చుక్కలు పెట్టి, పలచగా అంతటా పరచాలి.

ఇప్పటికే పొట్టు లేచినవాళ్లు మూడు నాలుగు రాత్రులు జెల్ ఆపేసి మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి. మంట తగ్గాక రెండు రాత్రులు వదిలి ఒక రాత్రి చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ తట్టుకోలేకపోతే రాసిన అరగంటకో గంటకో కడిగేయండి. అలా కొద్దిసేపు ఉంచి కడగడం కూడా డాక్టర్లు చెప్పే పద్ధతే. ముఖం కడిగి, తుడిచి, ఇరవై నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద మంట ఎక్కువ. నేనైతే మొదటి నెల అందరికీ ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్ అనే చెబుతాను. కొందరు డాక్టర్లు దీన్ని తిరగేసి చెబుతారు. మీ డాక్టర్ అలా చెబితే అలాగే చేయండి. ముక్కు పక్క మడతల్లో, పెదాల మూలల్లో, కంటి కింద ముందే కాస్త వాజ్‌లీన్ అద్దితే జెల్ అక్కడికి పాకినా మండదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒకాయన ప్రశ్న వేరు. ఆయన కొలత సరిగ్గానే ఉంది, రోజు విడిచి రోజే రాస్తున్నాడు, అయినా మధ్యాహ్నానికి ముఖం నిప్పులు. పొట్టు లేచిన చర్మం మీద మిర్చి ఘాటు పడితే ఇంకేమవుతుంది? యార్డుకు సరుకు బాగా వచ్చే రోజుల్లో వారానికి రెండు రాత్రులు చాలన్నాను. పొద్దున వాజ్‌లీన్ పలచగా రాసుకుని, రుమాలు కట్టుకుని పనిలోకి దిగమన్నాను. పని అయ్యాక ముఖానికి ముందు చేతులు కడుక్కోవాలి. సబ్బుతో, రెండుసార్లు. సీజన్ తగ్గాక మామూలు లెక్కకు రావచ్చు. ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకు కూడా ఇదే చెబుతాను.

కొత్త మొటిమలు వచ్చాయన్నవాళ్ల విషయం తేలిక. మొదటి కొన్ని వారాల్లో లోపల ఉన్నవి కొందరికి ఒక్కసారిగా పైకి తేలతాయి. అందరికీ రావు. ఎప్పుడూ లేచే చోటే లేస్తే ఓపిక పట్టండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడకుండా పని చేసిందో లేదో తేల్చలేం. ఎన్నడూ మొటిమ రాని చోట దురదతో, వాపుతో దద్దుర్లు లేస్తే అది వేరే కథ. ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

ఇక మెరిసిపోయినవాళ్లు.

ట్యూబు వెనకవైపు ఫోటో పంపమన్నాను. బ్రాండ్లు వేరైనా చాలావాటి వెనక, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో, అవే మూడు పేర్లు: హైడ్రోక్వినోన్ (చర్మం రంగు తగ్గించేది) 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. "మీరు చెప్పిన ట్రెటినాయిన్ ఉన్నది కదా సార్" అని ఒక అక్క వాదన. ఉంది అక్కా. దాని పక్కన ఎవరు కూర్చున్నారో చూడలేదు. మొమెటాసోన్ స్టెరాయిడ్.

ఈ మిశ్రమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. ట్రెటినాయిన్‌ను మొటిమల వైద్యంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చర్మ వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. 1971లో అక్కడ మొటిమలకు దానికి అనుమతి వచ్చింది. అదే క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇంకొకాయనతో కలిసి 1975లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపిన మందు గురించి పరిశోధన ప్రచురించారు. అది నల్లమచ్చలకు, మన మంగు లాంటివాటికి. మంగుకు ఈ రకం మిశ్రమాన్ని డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు, కొన్ని వారాలకు, తమ కంటి ముందు. మందు చెడ్డదని నేననను. మొటిమలకు మాత్రం అది మందు కాదు.

మరి వారంలో మెరుపెందుకు? స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణిచేస్తుంది. చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రంగు తేలినట్టుంటుంది. ట్రెటినాయిన్ వల్ల రావాల్సిన మంటను కూడా కప్పేస్తుంది. ఇంట్లో ఎవరిదో పెళ్లి ఉంటుంది, చుట్టాలు చూస్తారు, "ఏం రాస్తున్నవ్ వదినా, ముఖం గింత తెల్లగైంది?" అంటారు. ట్యూబు వదిన నుంచి మరదలికి, మరదలి నుంచి ఆమె చెల్లెలికి పోతుంది. ముగ్గురిలో ఎవరి దగ్గరా చీటీ ఉండదు.

నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి. పై పెదవి మీద, చెంపల మీద నూగు పెరుగుతుంది. ఎండలో నిలబడితే, పొయ్యి దగ్గర కూర్చుంటే ముఖం భగ్గుమంటుంది. స్టెరాయిడ్ సొంతంగా కూడా మొటిమలు తెస్తుంది, చిన్నవి, అన్నీ ఒకే సైజువి. భయపడి క్రీమ్ ఆపేస్తారు. కొద్ది రోజుల్లోనే ఎరుపు, మంట, మొటిమలు ఒక్కసారిగా ఎగదన్నుతాయి. మళ్లీ రాస్తారు, తగ్గుతాయి. "నాకు ఈ క్రీమే పడుతుంది" అనే మాట ఇక్కడే పుడుతుంది. గిరిగిరి అప్పు కట్టడానికి ఇంకో గిరిగిరి అప్పు తెచ్చినట్టే ఇది. కౌంటర్ ముందు నిలబడి ఆ మాట అన్నవాళ్లతో వాదించి వాదించి నా గొంతు పోయింది. మన దేశపు చర్మ వైద్యులు ఈ ముఖానికి ఒక పేరే పెట్టారు: టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే పైపూత స్టెరాయిడ్‌తో పాడైన ముఖం. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా అడిగితే ఇచ్చే మెడికల్ షాపులు ప్రతి బజార్లో ఉన్నాయి. ఇచ్చేది నాలాంటి ఫార్మసిస్టులే కాబట్టి ఇంకా కోపం.

కాబట్టి చదవడం నేర్చుకోండి. చివర 'సోన్' ఉందా చూడండి: మొమెటాసోన్, బీటామెథాసోన్, ఫ్లుటికాసోన్, డెక్సామెథాసోన్. అన్నీ స్టెరాయిడ్లే. తోక మార్చుకుని తిరిగేవీ ఉన్నాయి: క్లోబెటాసోల్, ఫ్లువోసినోలోన్. తామరకని అమ్మే మూడు నాలుగు మందుల మిశ్రమాల్లో ఎక్కువగా ఇవే ఉంటాయి, వాటిని ముఖానికి రాసుకున్నవాళ్లనూ చూశాను. ఒక్క మినహాయింపు: డాప్సోన్. తోక అదే కానీ స్టెరాయిడ్ కాదు, మొటిమలకే రాస్తారు. దాన్ని చూసి కంగారుపడి డాక్టర్‌తో గొడవ పెట్టుకోకండి.

మీ ట్యూబులో ఉండదగినవి: అడాపలీన్ 0.1 శాతం ఒక్కటే, లేదా దానితో క్లిండామైసిన్ 1 శాతం, లేదా బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. ట్రెటినాయిన్ అయితే అదొక్కటే ఉన్నా సరే, క్లిండామైసిన్‌తో ఉన్నా సరే. నన్నడిగితే మొదటిసారి వాడేవాళ్లకు అడాపలీన్ మేలు. మంట తక్కువ, వెలుతురుకు పాడవదు, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిసినా చెడదు. మామూలు ట్రెటినాయిన్‌కు ఆ రెండూ పడవు.

స్టెరాయిడ్ ఉన్నది నెలల తరబడి రాసినవాళ్లు ఈ పాఠం చదివి ట్యూబు చెత్తబుట్టలో పడేసి కూర్చోకండి. ఆ ట్యూబు పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రైవేటుకు పోలేకపోతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఎలా మానాలో, ఎన్నాళ్లకు మానాలో వాళ్లు చెప్పాలి. వాళ్లు సరే అనేదాకా ఆ ముఖానికి రెటినాయిడ్ రాయకండి. సిగ్గుపడి ట్యూబు దాచి, "ఏమీ రాయలేదు" అని చెప్పేవాళ్లుంటారు. డాక్టర్‌కు ముఖం చూడగానే అనుమానం వస్తుంది, పేరు తెలియకపోతే వైద్యం ఆలస్యమవుతుంది.

మిగతావి త్వరగా. గర్భం ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. ఇందులో బేరాలు లేవు. పగలు సన్‌స్క్రీన్ రాయండి, 30 ఎస్పీఎఫ్‌కు తగ్గకుండా. కాజీపేట నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయిలు ముఖానికి చున్నీ బిగించి కడతారు. ఎండకు మంచిదే కానీ చెమటతో రాసుకుంటే బుగ్గలు ఒరుసుకుపోతాయి, కాస్త వదులుగా కట్టండి, రోజూ ఉతికింది కట్టండి. పై పెదవికి వ్యాక్సింగ్ చేయించాలంటే వారం ముందే జెల్ ఆపండి, లేకపోతే వెంట్రుకతో పాటు తోలూ వస్తుంది. నిమ్మరసం, స్క్రబ్బు, బ్లీచ్ అన్నీ బంద్. శనగపిండి గురించి అడిగినవాళ్లకు: నలుగు పెట్టుకోవాలంటే ఒంటికి పెట్టుకోండి, ముఖం జోలికి పోకండి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే.

ఇంట్లో ఉన్న ప్రతి క్రీమ్ ట్యూబు బయటికి తీయండి. అమ్మ గూట్లోది, అన్న బైక్ డిక్కీలోది, ఫ్రిజ్ తలుపులో మూడేళ్లుగా ఉన్నది, అన్నీ. ఒక్కో దాని వెనక రాసిన మందు పేర్లు, శాతాలు నోట్‌బుక్కులో ఎత్తి రాయండి. ఫోటో తీస్తే సరిపోదా అంటే సరిపోదు. చేత్తో రాస్తేనే 'సోన్' కంటికి ఆనుతుంది. స్టెరాయిడ్ ఉన్న పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, దాన్ని ఎవరు, ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ రాస్తున్నారో పక్కన రాయండి.

రెండోది. నాలుగు రాత్రులు జెల్ ముట్టకుండా, మామూలు మాయిశ్చరైజర్‌తోనే కొలత సాధన చేయండి. వేలి గీతలో సగం, ఐదు చుక్కలు, మొత్తం ముఖం. గడ్డం దగ్గరికి వచ్చేసరికి అయిపోతే బుగ్గల మీద ఎక్కువ పెట్టారన్నమాట. ఐదో రాత్రి జెల్ పట్టుకోండి.

మూడోది పన్నెండు వారాలది. ప్రతి ఆదివారం పొద్దున, అదే కిటికీ పక్కన, ముఖం కడిగిన వెంటనే మూడు ఫోటోలు: ఎదురుగా, ఎడమ, కుడి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపండి. నుదుటి మీద ఎన్ని, బుగ్గల మీద ఎన్ని, గడ్డం మీద ఎన్ని, విడివిడిగా లెక్క రాయండి. నల్లమచ్చలను ఈ లెక్కలో కలపకండి. వాటికి వేరే పేజీ వదలండి, నాలుగో పాఠంలో ఆ పేజీతోనే మొదలుపెడతాను.