పాత కారు ఏసీ: ఆర్12 తీసి ఆర్134ఎ ఎక్కించే పద్ధతి

ఆర్12 గ్యాస్‌తో వచ్చిన పాత కార్లకు ఇప్పుడు దిక్కు ఆర్134ఎ ఒక్కటే. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 2010 నుంచి ఆర్12ను మన దేశంలో ఆపేశారు. అయితే పాత నూనె మీదనే కొత్త గ్యాస్ ఎక్కిస్తే కంప్రెషర్ పట్టేస్తుంది. ఆర్12తో వాడిన ఆ పాత మినరల్ ఆయిల్ ఆర్134ఎతో కలవదు. గ్యాస్ తిరుగుతుంది గానీ నూనె కంప్రెషర్‌కు తిరిగి రాకుండా కూలింగ్ కాయిల్‌లోనే ఉండిపోతుంది.

మిగిలిన పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ మెషిన్‌తో తీయించండి. కంప్రెషర్ విప్పి నూనె వంపండి. అందులో లోహపు పొడి మెరిస్తే కంప్రెషర్ పని అయిపోయినట్టే, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందరి జాలీ) కూడా మార్చాలి. బాగుంటే పైపులు, కండెన్సర్, కూలింగ్ కాయిల్‌ను ఫ్లషింగ్ ద్రవంతో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టండి. పెట్రోలుతో కడగొద్దు. కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను కడిగే ముందే విప్పి పక్కన పెట్టాలి.

జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులన్నీ ఆర్134ఎకు పనికొచ్చే రకం వేయండి. తేమ పీల్చే డబ్బా, అంటే డ్రైయర్, కొత్తది తప్పనిసరి. దాని మూతలు సరిగ్గా బిగించేటప్పుడే తీయాలి, ముందుగా తీస్తే గాలిలో తేమ పీల్చేస్తుంది. నూనెకు ఎస్టర్ ఆయిల్ మేలు. ఆర్134ఎకు వాడే మరో రకం నూనె, పాగ్ ఆయిల్, పాత ఆర్12 మిగులుతో చెడుతుంది. ఎంత పోయాలో కంప్రెషర్ రకాన్ని బట్టి ఉంటుంది, అంతే పోయండి.

నైట్రోజన్‌ను 150 పీఎస్‌ఐ దాకా ఎక్కించి జాయింట్లకు సబ్బు నురగ పూయండి. కంప్రెషర్ ముందరి షాఫ్ట్ సీల్ దగ్గర ముందు చూడండి. టైర్ల షాపు గాలి వాడొద్దు, అందులో తేమ ఉంటుంది. తర్వాత 45 నిమిషాలు వ్యాక్యూమ్ గుంజి, పంపు ఆపి అరగంట ఆగండి. గేజ్ ముల్లు కదిలితే ఎక్కడో లీకుంది.

ఎక్కించే గ్యాస్ పాత బరువులో 80 నుంచి 85 శాతమే. బానెట్ కింది స్టిక్కర్ మీద 700 గ్రాములుంటే 560 నుంచి 595 గ్రాములు. డబ్బాను కాటా మీద నిలువుగా పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా లో సైడ్ (కంప్రెషర్ గ్యాస్ పీల్చుకునే తక్కువ ప్రెషర్ వైపు) నుంచే ఇవ్వండి. బోర్లిస్తే ద్రవం పోయి కంప్రెషర్ వాల్వులు విరుగుతాయి. హై సైడ్ (కంప్రెషర్ గ్యాస్ నెట్టే ఎక్కువ ప్రెషర్ వైపు) వాల్వ్ తెరిస్తే డబ్బాయే పేలొచ్చు. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టొద్దు.

మన దగ్గర అసలు పరీక్ష మే నెల ఎండ. 40 డిగ్రీల్లో, 1500 ఆర్‌పీఎం దగ్గర లో సైడ్ 35 నుంచి 50, హై సైడ్ 250 నుంచి 300 పీఎస్‌ఐ మధ్య ఉంటే సరే. హై సైడ్ 325 దాటితే చల్లదనం చాల్లేదని ఇంకాస్త గ్యాస్ కొట్టడం శుద్ధ తప్పు. బరువు సరిగ్గా ఉంటే లోపం కండెన్సర్‌ది. వరంగల్ ఏనుమాముల పత్తి మార్కెట్ వైపు తిరిగే బండ్లకు పత్తి దూది, రామగుండం వైపు బొగ్గు దుమ్ము కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. నీళ్లతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి. పాత పాము మెలికల కండెన్సర్ అయితే ప్యారలల్ ఫ్లో (పక్కపక్కన సన్న గొట్టాలుండే) రకం, ముందు అదనపు ఫ్యాన్ పెట్టించాలి. ప్రెషర్ మించితే కంప్రెషర్‌ను ఆపే హై ప్రెషర్ స్విచ్ లేని బండికి అదీ వేయించండి.

చవకని ఎల్‌పీజీ కలిపిన గ్యాస్ పోయించొద్దు. కూలింగ్ కాయిల్ లీకైతే మంటంటుకునే గ్యాస్ క్యాబిన్లోకే వస్తుంది. పని అయ్యాక గ్యాస్ పేరు, బరువు, నూనె రకం రాసి బానెట్ కింద అంటించండి. తర్వాత చెయ్యి పెట్టే మెకానిక్ దాన్ని చూసే గ్యాస్ పోస్తాడు.