తిరుపతిలో కూర్చుని సమోవా ఎంపీ మీద వికీ వ్యాసం రాయాలంటే

ముందు ఏ సమోవానో తేల్చుకోండి, పసిఫిక్ సముద్రంలో ఆ పేరున్నవి రెండు. 1962 జనవరి 1న స్వతంత్రమైన దేశం 1997 దాకా పశ్చిమ సమోవా, ఆ తర్వాత ఉత్త సమోవా. పక్కనున్న అమెరికన్ సమోవా అమెరికా ఏలుబడిలోది. రెండు చోట్లా చట్టసభను ఫోనో అనే అంటారు, అందుకే వెతికితే రెండూ కలగలిసి వస్తాయి. మీ మనిషి సమోవా రాజధాని అపియా సభలో కూర్చున్నారా, అమెరికన్ సమోవాలోని పాంగో పాంగోలోనా అన్నది చూసుకోకుండా మొదలెడితే, సగం రాశాక వ్యాసం వర్గాలన్నీ (కేటగిరీలు) మార్చుకోవాల్సి వస్తుంది.

అసలు చిక్కు పేర్లతోనే. సమోవాలో పోటీ చేయాలంటే మతాయి అయి ఉండాలి, అంటే వంశం వాళ్లు కట్టబెట్టిన పెద్దరికపు బిరుదు ఉండాలి. 1990 ప్రజాభిప్రాయ సేకరణ దాకా ఓటు కూడా దాదాపు మతాయిలదే. తర్వాత 21 నిండిన అందరికీ వచ్చింది. ఆ బిరుదు పేరుకు ముందు వస్తుంది కాబట్టి మన ఇంటిపేరే అనిపిస్తుంది. కానీ పుట్టుకతో రాదు, ఒకరికే రెండు మూడు ఉండొచ్చు, నడివయసులో కొత్తది చేరొచ్చు. 2021లో ప్రధాని అయిన ఫియామే నవోమి మతాఅఫాను చూడండి. ఫియామే ఆమె బిరుదు, నవోమి సొంత పేరు. ఆమె తండ్రి, దేశ తొలి ప్రధాని, ఆయనకూ ఫియామే బిరుదే. 1974 పత్రికలో 'ప్రధాని ఫియామే' అని ఉంటే అది తండ్రి. 1991లో విద్యామంత్రి అయిన ఫియామే కూతురు. ఇది పట్టించుకోకపోతే తండ్రి పదవులు కూతురి సమాచారపెట్టెలోకి (ఇన్‌ఫోబాక్స్) ఎక్కుతాయి.

అందుకే రాయడానికి ముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి: సంవత్సరం, పత్రికలో పేరు వేసిన తీరు, నియోజకవర్గం, పార్టీ. వరసలు నింపాక నియోజకవర్గం గడి కిందికి చదవండి. పేరు మారినా స్థానం అదే ఉండి, మధ్యలో ఖాళీ లేకపోతే చాలాసార్లు ఒకే మనిషి. కానీ ఇంకో మూలంతో సరిచూసుకోకుండా కలపొద్దు. పాత వార్తలకు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్‌లో పసిఫిక్ ఐలండ్స్ మంత్లీ సంచికలున్నాయి, ఉచితం. కొత్తవాటికి సమోవా అబ్జర్వర్ పత్రిక, న్యూజీలాండ్ రేడియో వారి ఆర్‌ఎన్‌జెడ్ పసిఫిక్. ఎస్వీయూ పొలిటికల్ సైన్స్ విద్యార్థులకు ప్రాజెక్టుగా పనికొచ్చే సరుకే ఇదంతా.

సమోవన్‌లో జి అక్షరాన్ని 'ంగ' అని పలుకుతారు. నియోజకవర్గం పేరు లోతోఫాంగా అనే రాయండి, లోతోఫాగా కాదు. తప్పు రూపంతో వెతికేవాళ్ల కోసం దారిమార్పు (రీడైరెక్ట్) పెడితే సరిపోతుంది.

నియోజకవర్గం పేరు ఆనాటిదే వేయాలి. 2019లో శ్రీకాళహస్తిలో గెలిచినవారు చిత్తూరు జిల్లా ఎమ్మెల్యేనే. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. సమోవాలో కూడా 2021 ఎన్నికలకు ముందు ఇద్దరేసి సభ్యులుండే స్థానాలు ఎత్తేసి, హద్దులు మార్చి, 51 స్థానాలు చేశారు. ఇప్పటి పటం చూసి 2006 నాటి స్థానం పేరు రాస్తే తప్పుతుంది.

తేదీల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. 1991 దాకా ఎన్నికలు మూడేళ్లకోసారి, తర్వాత ఐదేళ్లకోసారి; 2025లో బడ్జెట్ వీగిపోయి ముందే వచ్చాయి. 2021 ఏప్రిల్ 9 పోలింగ్ తర్వాత సభకు తాళం వేస్తే, ఫియామే నాయకత్వంలోని ఫాస్ట్ పార్టీ వాళ్లు మే 24న బయట టెంటులో ప్రమాణం చేశారు. అది చెల్లుతుందని అప్పీలు కోర్టు చెప్పింది జూలై 23న. ఫియామే ప్రధాని పదవి మొదలైన తేదీగా మే 24 వేయండి. జూలై తేదీ కథనంలోకి వెళ్తుంది. ఆ ఏడాది గెలిచిన కొందరి సీట్లు ఎన్నికల పిటిషన్లలో పోయి, నవంబరులో ఉప ఎన్నికలు జరిగాయి. ఏప్రిల్ ఫలితాల పట్టిక ఒక్కటే చూసి '2021 నుంచి ఎంపీ' అని రాసేయకండి.

2011 చివర్లో సమోవా తేదీరేఖకు ఇవతలికి మారింది. డిసెంబరు 30 అన్న రోజే అక్కడ లేదు. అంతకు ముందు సంఘటనలకు మన పేపర్లలో ఒక రోజు తేడా కనబడితే అపియా తేదీనే నమ్మండి.

ఫోటో పార్లమెంటు సైటు నుంచి తెచ్చి వికీ బొమ్మల నిల్వ అయిన వికీమీడియా కామన్స్‌లో పెడితే తీసేస్తారు. స్వేచ్ఛా లైసెన్సు ఉన్నది దొరక్కపోతే ఫోటో లేకుండానే వదిలేయండి. పుట్టిన తేదీ లాంటివి తేలకపోతే పార్లమెంటు కార్యాలయానికి మెయిలు పెట్టొచ్చు. వాళ్లు మనకంటే ఏడున్నర గంటలు ముందు: ఇక్కడ ఉదయం 6 అయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. శుక్రవారం టిఫిన్ తిన్నాక పంపితే సోమవారం దాకా చూసే నాథుడుండడు.