ఆన్‌లైన్‌లో కొంటే పాడైన వస్తువు వచ్చింది, రీఫండ్ రావడం లేదు: ఎక్కడ ఆగింది, ఏం చేయాలి

ఏ సమస్యకైనా ముందు రెండు సంగతులు చూసి రాసుకోండి: రిటర్న్ గడువు ఏ తేదీతో ముగుస్తుంది, డబ్బు ఏ మార్గంలో కట్టారు. తర్వాత వేసే ప్రతి అడుగూ వీటి మీదే ఆధారపడుతుంది.

సమస్య: రిటర్న్ అడిగితే తిరస్కరించారు

కారణం: చాలాసార్లు మనం ఎంచుకున్న ఆప్షనే. "ఇక అవసరం లేదు" అని నొక్కితే, వస్తువు బాగానే ఉంది, మీరే మనసు మార్చుకున్నారు అని లెక్క. అప్పుడు తిరుగు పార్సిల్ ఖర్చు మీ మీద పడొచ్చు, రిటర్నే కుదరదనీ అనొచ్చు. రెండో కారణం, "పనిచేయడం లేదు" అని మాత్రమే రాసి ఆధారాలేవీ పెట్టకపోవడం.

పరిష్కారం: "లోపం ఉంది" లేదా "వివరణలో చెప్పినట్టు లేదు" అనే కారణంతో మళ్లీ పెట్టండి. "రెండు గంటలు ఛార్జింగ్ పెట్టినా ఆన్ కావడం లేదు, వేరే కేబుల్‌తో కూడా చూశాం" అన్నట్టు లోపాన్ని సూటిగా రాయండి. పెట్టె మీది లేబుల్, సీరియల్ నంబరు, లోపం ఉన్న చోటు ఫోటోలు తీసి జతచేయండి. అమ్మకం పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఆ వివరణను తర్వాత మార్చేయవచ్చు. వీడియో కూడా తీయండి, అది సీరియల్ నంబరు దగ్గర మొదలై లోపం కనిపించేదాకా ఆపకుండా సాగాలి. మధ్యలో కత్తిరించి ఉంటే, చూపించింది వేరే వస్తువని వాదించడానికి అవకాశం ఇచ్చినట్టే.

బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం మామూలు పార్సిల్‌లా పంపకండి, అది దారిలో అంటుకునే ప్రమాదం ఉంది. ఫోటో పంపి, ఎలా తిరిగి తీసుకుంటారో అమ్మకందారునే రాతపూర్వకంగా అడగండి.

సమస్య: "రెండు రోజులు ఆగండి" అంటూ సాగదీస్తున్నారు

కారణం: రిటర్న్ గడువు దాటితే, సైట్ నియమాల ప్రకారం వస్తువును వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత అమ్మకందారుకు తప్పిపోతుంది. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో ఇచ్చిన మాట ఆర్డర్ రికార్డులోకి చేరదు.

పరిష్కారం: మాటలన్నీ సైట్‌లోని మెసేజ్ బాక్స్‌లోనే జరపండి. మరోచోట మాట్లాడాల్సి వస్తే, "ఈరోజు మీరు ఇలా అన్నారు" అని వెంటనే అక్కడ రాసిపెట్టండి. జవాబు వచ్చినా రాకపోయినా గడువులోపే ఫిర్యాదు తెరవాలి. పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవతో కట్టి ఉంటే, చెల్లించిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ (అమ్మకందారుతో తేల్చుకునే ఫిర్యాదు) తెరవాలి. తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (పేపాలే తీర్పు చెప్పాలని కోరే ఫిర్యాదుగా) మార్చకపోతే దానంతటదే మూసుకుపోతుంది. "కేసు మూసేయండి, డబ్బు పంపుతాం" అంటే ఒప్పుకోవద్దు. ఒకసారి మూసిన కేసును మళ్లీ తెరవలేరు. డబ్బు చేతికి వచ్చాకే మూయండి.

సమస్య: వస్తువు వెనక్కి చేరింది, రీఫండ్ ఆపేశారు

కారణం: పెట్టె ఖాళీగా ఉందనో, సీరియల్ నంబరు కలవలేదనో, ఫోన్ పాత అకౌంట్‌తో లాక్ అయి ఉందనో అంటారు.

పరిష్కారం: ఇది పంపే ముందే చూసుకోవాల్సిన పని. అకౌంట్ నుంచి లాగౌట్ చేసి, ఫోన్ రీసెట్ చేయండి. ఫోన్ ఆన్ కాకపోతే, వేరే పరికరం నుంచి లాగిన్ అయి దాన్ని మీ అకౌంట్‌లోంచి తీసేయండి. ప్యాకింగ్ వీడియో తీయండి. కొరియర్ రసీదు మీద బరువు వేయించుకోండి, "ఖాళీ పెట్టె" అనే మాటకు అదే గట్టి జవాబు.

సమస్య: "రీఫండ్ చేశాం" అంటున్నారు, ఖాతాలో పడలేదు

కారణం: డబ్బు బ్యాంకుల మధ్య ఉండొచ్చు, లేదా ఆ సైట్ వాలెట్‌లోకి వెళ్లి ఉండొచ్చు. ముందు వాలెట్ చూడండి.

పరిష్కారం: కార్డుతో కట్టి ఉంటే అమ్మకందారును ఏఆర్ఎన్ అడగండి. ఇది 23 అంకెల నంబరు, దాంతో మీ బ్యాంకు ఆ డబ్బును వెతకగలదు. నంబరు ఇవ్వలేకపోతున్నారంటే రీఫండ్ అసలు పంపలేదని అనుమానించాలి. కార్డు మూసేసి ఉంటే, దాన్ని ఇచ్చిన బ్యాంకునే సంప్రదించండి.

సమస్య: అన్ని దారులూ మూసుకుపోయాయి

కార్డుతో కట్టినవారికి ఛార్జ్‌బ్యాక్ ఉంది, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం. లోపమున్న వస్తువుకు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో గడువు సాధారణంగా 120 రోజులు. బ్యాంకును త్వరగా అడగడమే మేలు. వస్తువు తిరిగి ఇచ్చామనో, ఇవ్వడానికి ప్రయత్నించామనో చూపాలి. పేపాల్ కేసు నడుస్తుండగా ఛార్జ్‌బ్యాక్ పెట్టకండి, పెడితే పేపాల్ తన కేసును మూసేస్తుంది. నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినవారికి మాత్రం ఈ ఛార్జ్‌బ్యాక్ ఉండదు. వారు సైట్ ఫిర్యాదు విభాగానికి, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు ఇవే ఆధారాలతో వెళ్లాలి.