కాటా మూతపడ్డా ఆగని క్రెడిట్లు: స్నోఫ్లేక్ ఖర్చు సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో ఉంటూ చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమకు డేటా పని చూస్తున్నాను. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయ పోటెత్తుతుంది. ర్యాంపుల (కాయ సేకరించే కేంద్రాలు) నుంచి వచ్చే ప్రతి లోడు తూకం చీటీ స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా వేదికలో చేరుతుంది. దాని వాడకాన్ని క్రెడిట్లు అనే యూనిట్లలో కొలిచి బిల్లు వేస్తారు. సీజను మధ్యలో బిల్లు చూసిన అకౌంట్స్ పెద్దాయన, "రాత్రి కాటా మూతపడ్డాక కూడా డబ్బు ఎందుకు పోతోందమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళితే దొరికినవే ఇవన్నీ.

లక్షణం: పని లేని వేళల్లోనూ క్రెడిట్లు ఖర్చవుతున్నాయి

అన్నిటికంటే ముందు గడియారం చూసుకోండి. స్నోఫ్లేక్ ఖాతా మొదట్లో లాస్ ఏంజెలిస్ సమయంతో ఉంటుంది. మామిడి సీజనులో మనకూ దానికీ పన్నెండున్నర గంటల తేడా. అంటే మన రాత్రి అక్కడ పగలు. ఇది గమనించక నేను ఒక పూటంతా తప్పు గంటల లెక్క చూశాను. టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాకు మార్చాకే వేర్‌హౌస్ మీటరింగ్ హిస్టరీ తెరవండి. స్నోఫ్లేక్‌లో వేర్‌హౌస్ అంటే పనులు నడిపే కంప్యూటర్ల సమూహం, ఈ పట్టిక దాని గంటగంట ఖర్చు చూపిస్తుంది.

అలా తెరిస్తే రాత్రి ప్రతి గంటకూ 4 క్రెడిట్లు కనిపించాయి. మీడియం సైజు వేర్‌హౌస్ గంటంతా నడిస్తే అయ్యే ఖర్చు సరిగ్గా అంతే. తర్వాత క్వెరీ హిస్టరీ, అంటే డేటాబేస్‌కు ఇచ్చిన ఆదేశాల (క్వెరీల) చిట్టా చూశాను. 2:00, 2:05, 2:10... ఐదేసి నిమిషాలకు ఒక డేటా లోడు (కొత్త చీటీలను పట్టికలోకి ఎక్కించే పని), ఒక్కొక్కటి సుమారు 20 సెకన్లు. చేరిన వరుసలు మాత్రం సున్నా. కాటా మూసే ఉంది, చీటీల కోసం వెతికే పని ఆగలేదు.

కారణం: డబ్బు పడేది క్వెరీకి కాదు, వేర్‌హౌస్ మేలుకుని ఉన్న సమయానికి. లెక్క సెకన్లలోనే ఉంటుంది కానీ, లేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్లు కట్టాలి. ఖాళీగా ఉన్న వేర్‌హౌస్ తనంతట తానే ఆగే ఆటో సస్పెండ్ గడువు కొత్త వేర్‌హౌస్‌కు మామూలుగా 600 సెకన్లు. పది నిమిషాలు ఖాళీగా ఉంటేనే నిద్రపోయే వేర్‌హౌస్‌ను ఐదు నిమిషాలకోసారి తట్టి లేపితే అది ఇక నిద్రపోయేదెప్పుడు? రోజుకు 96 క్రెడిట్లు.

పరిష్కారం: మొదట ఆటో సస్పెండ్‌ను 60 సెకన్లకు దించండి. 20 సెకన్ల పని, 60 సెకన్ల ఖాళీ, రోజుకు 288 సార్లు: మొత్తం 6.4 గంటలు, సుమారు 25.6 క్రెడిట్లు. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు, ఆగకండి. చిన్న చిన్న చీటీలకు మీడియం అక్కర్లేదు. ఎక్స్‌స్మాల్‌లో గంటకు 1 క్రెడిట్టే. లోడును అరగంటకోసారికి మార్చాం. రైతు చేతికి చీటీ ఇచ్చేది కాటా దగ్గరి కంప్యూటరు, కాబట్టి నివేదిక అరగంట ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. ఒక్కో లోడు నిమిషం పట్టినా, తర్వాతి ఖాళీ నిమిషంతో కలిపి రోజుకు 48 సార్లకు 1.6 క్రెడిట్లు.

రెండు జాగ్రత్తలు. ఆటో సస్పెండ్‌లో సున్నా పెడితే వెంటనే ఆగుతుందనుకుంటారు, నిజానికి ఎప్పటికీ ఆగదు. ఇక మేనేజర్లు పగలంతా చూసే డాష్‌బోర్డులకు వేరే వేర్‌హౌస్ పెట్టి గడువు కాస్త ఎక్కువే ఉంచండి. ఆగినప్పుడల్లా దాని లోకల్ క్యాష్ (ఇటీవల చదివిన డేటాను దగ్గర ఉంచుకునే నిల్వ) పోతుంది, మళ్లీ లేచాక మొదటి క్వెరీలు నెమ్మదిస్తాయి.

లక్షణం: క్వెరీల ఖర్చంతా కూడినా బిల్లుకు సరిపోవడం లేదు

2024లో వచ్చిన క్వెరీ అట్రిబ్యూషన్ హిస్టరీ నాకు బాగా నచ్చిన సౌకర్యం. ఏ క్వెరీ ఎన్ని క్రెడిట్లు తిన్నదో విడివిడిగా చూపిస్తుంది. మొత్తం తక్కువగా వస్తే లెక్క తప్పిందనుకోకండి. వేర్‌హౌస్ ఖాళీగా మేలుకున్న సమయాన్ని అది ఏ క్వెరీ ఖాతాలోనూ వేయదు. మీటరింగ్ హిస్టరీలోని మొత్తం నుంచి ఈ మొత్తాన్ని తీసేస్తే మిగిలేది దాదాపుగా ఆ ఖాళీ సమయానిదే. మీరు ముందుగా తగ్గించాల్సింది ఆ తేడానే. ఈ పట్టికలు కొన్ని గంటలు ఆలస్యంగా నిండుతాయి కాబట్టి నిన్నటి లెక్క ఈ రోజు చూడండి. ప్రతి నివేదికకూ ఒక క్వెరీ ట్యాగ్ (గుర్తింపు పేరు) తగిలిస్తే కొనుగోళ్ల విభాగం ఖర్చెంత, ఎగుమతుల విభాగం ఖర్చెంత అన్నదీ తేలిపోతుంది.

లక్షణం: రిసోర్స్ మానిటర్ పెట్టినా ఖర్చు పరిమితి దాటింది

క్రెడిట్ల పరిమితి చేరగానే హెచ్చరించే లేదా వేర్‌హౌస్‌ను ఆపే రిసోర్స్ మానిటర్ కాపలా వేర్‌హౌస్‌ల వరకే. స్నోపైప్, ఆటోమేటిక్ క్లస్టరింగ్, సర్వర్‌లెస్ టాస్కులు వంటి, మన వేర్‌హౌస్ లేకుండా స్నోఫ్లేక్ తానే నడిపే పనులు దాని పరిధిలోకి రావు. వాటికి బడ్జెట్లు వాడాలి. నెలాఖరుకు పరిమితి దాటేలా ఉంటే బడ్జెట్ ముందే అంచనా వేసి మెయిల్ పంపుతుంది. అయితే మెయిల్ పంపినంత మాత్రాన ఖర్చు ఆగదు, అది చదివే మనిషి ఉండాలి. మానిటర్‌లోనూ సస్పెండ్ అంటే నడుస్తున్న క్వెరీలు పూర్తయ్యాకే ఆపుతుంది. ఒక క్వెరీ ఎంతసేపు నడవొచ్చో చెప్పే స్టేట్‌మెంట్ టైమవుట్ మొదట్లో 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. దాన్ని గంటకో రెండు గంటలకో తగ్గించి పెట్టుకోండి.

లక్షణం: డేటా పెరగలేదు, స్టోరేజీ మాత్రం పెరుగుతోంది

రోజూ తీసేసి కొత్తగా కట్టే పట్టికలను వెతకండి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో టైమ్ ట్రావెల్ (పాత డేటాను వెనక్కి తెచ్చుకునే గడువు) 90 రోజులు పెట్టి ఉంటే, తీసేసిన ప్రతి కాపీ ఆ 90 రోజులూ, ఆపైన స్నోఫ్లేక్ ఆపత్కాలానికి దాచే ఫెయిల్‌సేఫ్‌లో మరో 7 రోజులూ నిలిచే ఉంటుంది. మళ్లీ కట్టుకోగలిగిన పట్టికలను ట్రాన్సియెంట్‌గా (తాత్కాలిక రక్షణతో సరిపెట్టుకునే రకంగా) మార్చండి. వాటికి ఫెయిల్‌సేఫ్ ఉండదు, టైమ్ ట్రావెల్ ఒక్క రోజుకు మించదు. ఉన్న పట్టికను నేరుగా మార్చే వీలు లేదు, ట్రాన్సియెంట్‌గా కొత్తది కట్టి డేటాను అందులోకి తెచ్చుకోవాలి. మర్నాడే స్టోరేజీ తగ్గలేదని కంగారుపడకండి. పాత కాపీలు ఒక్కొక్కటిగా గడువు తీరి పోవాలి, చివరిది పోయేసరికి 97 రోజులు పడుతుంది.