పాలపిట్టకీ, రేసు కారుకీ కలిపి ఒకే జూమ్ లెన్స్ ఎంచుకోవడం

టెలిఫోటో జూమ్ కొనేవాళ్లు చాలామంది ముందు చూసేది డబ్బా మీద 600 ఎంఎం ఉందా లేదా అని. చూడాల్సింది మీరు నిలబడే దూరం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి (సెన్సర్ 36 ఎంఎం వెడల్పుండేది) ఒక చిన్న లెక్క ఉంది: దూరాన్ని మీటర్లలో తీసుకుని 36తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద ఉండే ఆ ఎంఎం అంకెతో భాగిస్తే ఫ్రేములో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వస్తుంది. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరా అయితే 36 బదులు 24 వేసుకోండి.

10 మీటర్లలో కొమ్మ మీద పాలపిట్ట కూర్చుంది. 600 దగ్గర ఫ్రేము వెడల్పు 60 సెంటీమీటర్లు, పిట్ట పొడవు 30 పైచిలుకు. అంటే సగం ఫ్రేము నిండుతుంది. అదే పిట్ట 30 మీటర్లకు వెళ్తే దాదాపు ఆరోవంతే నిండుతుంది. ఇప్పుడు నాలుగున్నర మీటర్ల కారు 50 మీటర్లలో అడ్డంగా పోతోందనుకోండి. 600లో అది పట్టనే పట్టదు, 400లో అంచులకు తగులుతుంది, 300లో ముందూ వెనకా చోటు మిగులుతుంది. అడవికి లెన్స్ పొడవైన కొస కావాలి, ట్రాక్‌కి 200–400 మధ్య చురుగ్గా తిరగాలి. రెండూ ఒకే లెన్స్‌తో చేయాలంటే 200 దగ్గర మొదలై 500 దాటకపోయినా కనీసం అక్కడిదాకా వెళ్లేది చూసుకోవాలి.

తర్వాత వెలుతురు. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) పెంచాలి. అమ్రాబాద్ లాంటి అడవిలో తెల్లవారుజామున ఎఫ్/4కి ఐఎస్ఓ 2500 సరిపోయే చోట ఎఫ్/6.3కి 6400 కావాలి. కెనాన్ 200-800 చివర్లో ఎఫ్/9కి పడిపోతుంది. ఎండ కాసే నేలపట్టులో గూడబాతులకు అది హాయిగా పనిచేస్తుంది, చెట్ల నీడలో పులికి ఇబ్బంది పెడుతుంది. ఎఫ్/6.3 లెన్స్‌కి 1.4 టెలికన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్‌ని 1.4 రెట్లు చేసే అదనపు ముక్క) తగిలించినా అదే ఎఫ్/9 అవుతుంది, ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. దాన్ని నమ్ముకుని చిన్న లెన్స్ కొనకండి.

రేసులో విషయం తలకిందులు. కారుతో పాటు కెమెరా తిప్పుతూ ప్యానింగ్ చేసేటప్పుడు షట్టర్ 1/125 (సెకనులో 125వ వంతు) ఉంటే, మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100లో లెన్స్ ఎఫ్/16కి మూసుకోవాల్సిందే. పగటి ప్యానింగ్ కోసం ఎఫ్/2.8కి లక్షలు పోయడం దండగ. అయితే ఎఫ్/16లో రెండు చిక్కులున్నాయి: సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కలుగా తేలుతుంది, ముందున్న కంచె తీగలు కూడా కనబడిపోతాయి. కంచె వెనకాల నిలబడాల్సివస్తే దానికి ఆనుకుని, లెన్స్ పూర్తిగా తెరిచి, షట్టర్ 1/1000 పైన పెట్టి, మలుపులో ఎదురుగా వచ్చే కార్లు తీయండి. ప్యానింగ్ కంచె లేని చోటికి దాచుకోండి.

ప్యానింగ్‌కి స్టెబిలైజర్‌లో (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) మోడ్ 2 ఉండాలి, కొన్ని కంపెనీలు దీనికి వేరే పేరు పెడతాయి. మామూలు మోడ్‌లో వదిలేస్తే మీరు పక్కకి తిప్పే కదలికనే వణుకనుకుని లెన్స్ వెనక్కి లాగుతుంది. వ్యూఫైండర్‌లో బొమ్మ కుదుపులతో జరుగుతుంది, ఫొటో అలుక్కుపోతుంది. షట్టర్ 1/250తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 1/125కి, తర్వాత 1/60కి దిగండి.

ఇక లెన్సులు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 రెండూ జూమ్ చేసినా పొడవు మారవు. బరువు ముందుకి తూగదు, జూమ్ రింగ్ కొద్దిగా తిప్పితే చాలు, కారు దగ్గరికొస్తుంటే మణికట్టు ఒక్క తిప్పుతో 600 నుంచి 200కి రావచ్చు. రెండూ దాదాపు 2 కిలోలు. కెనాన్ 100-500 బయటికి సాగుతుంది, చివర్లో ఎఫ్/7.1, కానీ 1.4 కిలోలే. రోజంతా చేత్తో పట్టుకోవాలంటే మాత్రం నా ఓటు దీనికే. సిగ్మా, టామ్రాన్ లెన్సులు డబ్బు మిగుల్చుతాయి. సోనీలో ఒక మెలిక ఉంది: సెకనుకి 30 ఫొటోలు తీసే కెమెరా కూడా వాటితో 15 దగ్గర ఆగుతుంది, టెలికన్వర్టర్ పనిచేయదు.

సఫారీ జీపులో ట్రైపాడ్‌కి చోటుండదు. ఖాళీ బీన్‌బ్యాగ్ తీసుకెళ్లి, దగ్గర్లోని కిరాణా కొట్లో రెండు కిలోల బియ్యం పోయించుకోండి. క్లిక్ చేసే ముందు ఇంజిన్ ఆపమనండి.

కొట్టులో చేతికి తీసుకున్నాక పొడవైన కొసలో, లెన్స్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఒక బోర్డును నాలుగు మూలల్లోకీ వచ్చేలా నాలుగు ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ ఆ బోర్డు మీదే ఉండాలి. ఒక మూల మాత్రమే మసకగా వస్తే ఆ పీసు వద్దు. పాతదైతే లోపలికి టార్చ్ కొట్టి సాలెగూడులాంటి ఫంగస్ వెతకండి. కోస్తా తేమలో దాచిన లెన్సుల్లో ఇది మామూలే. మధ్యాహ్నం దూరం నుంచి తీసిన ఫొటో మెత్తగా వస్తే లెన్స్‌ని తిట్టకండి, నేల మీద లేచే వేడిగాలి చేసే పని అది. ఉదయం మళ్లీ తీసి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ముందున్న చవక 95 ఎంఎం యూవీ ఫిల్టర్ తీసేసి చూడండి.