వినాయక చవితికి పందిరి వేసే ముందు

చందా పుస్తకాలు అచ్చయ్యాయి. ధూల్‌పేటలో విగ్రహానికి అడ్వాన్స్ ఇచ్చేశారు. డీజే బేరం ఇంకా తెగలేదు. పందిరి ఎటువైపు తెరవాలి, జనం ఎటు నుంచి బయటికి పోవాలి అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ప్రతి ఏడూ ఇదే తంతు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీలో మండపం కమిటీలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీటింగ్‌లో నోరు తెరిస్తే చాలు, "అంకుల్ మొదలెట్టాడు" అని కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. 2013లో వాళ్లలో సగం మంది బడికెళ్లే పిల్లలు.

ఆ ఏడు ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం 7 గంటలప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దగ్గర ఒకటి, మిర్చి బజ్జీల సెంటర్ దగ్గర ఇంకొకటి, నిమిషాల తేడాతో పేలాయి. సైకిళ్లకు కట్టిపెట్టిన బాంబులు. 18 మంది పోయారు, వందమందికి పైగా దెబ్బలు తగిలాయి. అంతకు ముందు 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో కలిపి 42 మంది. అదే రాత్రి మా దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద మూడో బాంబు పేలకుండా దొరికింది. అన్నిచోట్లా జరిగింది ఒకటే. ఎవరో ఒక వస్తువును జనం మధ్యలో వదిలేసి వెళ్లారు, దాన్ని చూసినవాళ్లున్నా ఎవరిదో అనుకుని ఊరుకుని ఉంటారు.

ఇంత తెలిసిన నేనే ఒకసారి ఎంత తెలివితక్కువ పని చేశానో వినండి. కొన్నేళ్ల కిందట, ఐదో రోజు సాయంత్రం హారతి వేళ, ప్రసాదం బల్ల కింద నల్ల బ్యాగు కనిపించింది. ఎవరిదని చుట్టుపక్కల అడిగితే అందరూ తలలు అడ్డంగా ఊపారు. నేను దాన్ని భుజానికి తగిలించుకుని, జనం మధ్యలోంచి మైకు దాకా నడిచి, "ఈ బ్యాగు ఎవరిదండీ, వచ్చి తీసుకోండి" అని చెప్పాను. ఎవరూ రాకపోతే జిప్ తీసి చూశాను. ట్యూషన్ పుస్తకాలు, సగం తిన్న లంచ్ బాక్సు. అందరం నవ్వాం. రాత్రి పడుకున్నాక మొదలైంది వణుకు. మూడొందల మంది మధ్యకి నా భుజం మీదే మోసుకెళ్లాను కదా!

అందుకని మా వాలంటీర్లకు మొదట చెప్పేది ఇదే. ఎవరిదో తెలియని బ్యాగును, డబ్బాను, టిఫిన్ క్యారియర్‌ను ముట్టుకోవద్దు. జరపొద్దు, తెరవొద్దు, నీళ్లు పోయొద్దు, హీరోలా ఎత్తుకెళ్లి నాలాలో పడేయొద్దు. దాని పక్కనే నిలబడి ఫోన్ చేయొద్దు. దూరం జరిగి 100కో 112కో కొట్టాలి. ఏ రంగు, ఎక్కడుంది, ఎప్పటి నుంచి ఉంది అని అడుగుతారు, గుర్తుంచుకోవాలి. మైకులో బాంబు అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. ఆ మాటకు జరిగే తొక్కిసలాటలోనే పిల్లలు, ముసలివాళ్లు నలిగిపోతారు. మేం ముందే ఒక మాట అనుకున్నాం: "అన్నదానం పార్కు దగ్గర మొదలైంది, అటు రండి" అని చెప్పడం. మన జనాన్ని అంతకంటే తొందరగా, అంతకంటే సంతోషంగా కదిలించే మాట ఇంకోటి నాకు తెలియదు.

జనం కదలాలంటే దారి ఉండాలి. చాలా మండపాలకు ముందు ఒక్కటే దారి. వెనక పరదా కట్టేసి, దాని వెనక కుర్చీలు, గ్యాస్ సిలిండర్లు, జనరేటర్ పేర్చేస్తారు. రెండో దారి తప్పనిసరిగా పెట్టండి, దానికి అడ్డంగా చెప్పులు విడవనివ్వకండి. బండ్ల పార్కింగ్ పందిరికి ఆనుకుని వద్దు. ఆ సైకిళ్ల సంగతి తెలిశాక ఇంకా విడమర్చి చెప్పాలా.

సీసీ కెమెరా విషయానికొస్తే, మాకు నాలుగున్నాయి. ఒక ఏడు చూస్తే నాలుగూ లడ్డూ వైపే తిరిగి ఉన్నాయి. లడ్డూ దొంగల భయం అలాంటిది! ఇప్పుడు రెండు కెమెరాలు గల్లీ రెండు మొదళ్లనూ చూస్తాయి. రాత్రి కూడా మనిషి మొహం, బండి నంబరు కనపడుతున్నాయా అని ముందే నిలబడి చూసుకోండి. రికార్డర్‌లో తేదీ, టైమ్ సరిచేయండి. మాది నలభై నిమిషాలు వెనక నడిచేది, ఎవరూ గమనించలేదు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది 2016లో, హైకోర్టు దాన్ని ఖాయం చేసింది 2025 ఏప్రిల్‌లో. సాక్ష్యం అన్నేళ్లు నిలబడాలి, టైమే తప్పయితే ఏం నిలబడుతుంది?

కెమెరాల కంటే నాకు గురి మా గల్లీ మొదట్లో కూర్చునే ముగ్గురి మీద: పంక్చర్ షాపు భయ్యా, ఇస్త్రీ బండాయన, పూలమ్మే అక్క. పొద్దుటి నుంచి కదలని బండి ఏదో, ఏ సంచీ ఎవరిదో వాళ్లకు తెలిసినట్టు మాకు తెలియదు. వాళ్ల నంబర్లు కమిటీ దగ్గర, కమిటీ నంబర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. పంక్చర్ భయ్యా నమాజుకు వెళ్తే ఆ పావుగంట మా కుర్రాడొకడు అక్కడ కూర్చుంటాడు.

ఆయన గడ్డం చూసి ఒకసారి కొత్త వాలంటీరు ఒకడు, "ఈయన్ని ఇక్కడ కూర్చోబెట్టడం సేఫేనా అంకుల్" అన్నాడు. వాణ్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలితే పోయింది నమాజుకు వచ్చినవాళ్లే. ఆ పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లలో చాలామందిని కోర్టు నిర్దోషులని వదిలేసింది. వాళ్ల చదువులు, ఉద్యోగాలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. మా వాలంటీర్లు చూడాల్సింది దిక్కులేని సామాన్లను. ఎవరి టోపీ, ఎవరి బొట్టు అన్నది వాళ్ల డ్యూటీ కాదు.

ఏదైనా జరగరానిది జరిగితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. శబ్దం వచ్చిన చోటికి గుంపుగా పరిగెత్తకండి, రెండోది ఉండొచ్చు. 108కి దారి వదలండి. రక్తం కారుతుంటే చున్నీ, టవల్, ఏది చేతికొస్తే అది మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. గుచ్చుకున్న మేకునో గాజు పెంకునో లాగొద్దు. నీళ్లు తాగించొద్దు. ఫోన్ లైన్లు దొరకవు, కాబట్టి విడిపోతే ఎక్కడ కలవాలో ఇంట్లో వాళ్లంతా ఒకచోటు అనుకోండి, పిల్లల జేబులో నంబరు రాసిన చీటీ పెట్టండి. దెబ్బలు తగిలినవాళ్ల వీడియోలు వాట్సాప్‌లో పెట్టేవాడి ఫోన్ లాక్కునే హక్కు నాకుంటే బాగుండేది. రక్తం ఇస్తామని అందరూ ఒకేసారి ఆసుపత్రి మీద పడకుండా, గ్రూపులవారీగా పేర్లు రాసుకుని, పిలిచినప్పుడు వెళ్లండి.

మా వీధిలో ఒకాయన ఆ గురువారం బస్టాప్ దగ్గరే ఉన్నారు. కుడి చెవి వినపడదు. గోకుల్ చాట్ ముందు మళ్లీ జనం మూగినట్టే, ఆయనా మళ్లీ అదే బస్టాప్‌లో బస్సెక్కి ఆఫీసుకు వెళ్లారు, రిటైరయ్యేదాకా. పటాకులు పేలితే మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకుని కూర్చుండిపోతారు. అందుకే నిమజ్జనం రోజు లడీ అంటించే ముందు ఒకరు వాళ్లింటికి వెళ్లి చెప్పి రావాలి. ఇన్నాళ్లూ నేనే వెళ్లేవాణ్ని. ఈసారి ఆ పని సేఫేనా అని అడిగిన కుర్రాడికి అప్పజెప్పాను.